ఈత బెల్టు కట్టాక ఒడ్డున కూర్చోవచ్చా?

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే ఈత గురించి ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వచ్చినవాటిలో చాలావరకు నడుముకి కట్టుకునే గాలి బెల్టుల గురించే ఉన్నాయి. కోనసీమ కాలవ రేవులో ఈత నేర్చుకుని, ఇప్పుడు రాజమహేంద్రవరంలో పిల్లలకీ ఆడవాళ్లకీ నేర్పుతున్నదాన్ని కాబట్టి నాకు తెలిసింది తెలిసినట్టు చెబుతాను. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. అపార్ట్‌మెంట్ పూల్‌లో ఈత నేర్పిద్దామని ఆన్‌లైన్‌లో గాలి నింపే బెల్టు కొన్నాను. కట్టగానే హాయిగా తేలుతున్నాడు, నీళ్లంటే భయం కూడా పోయింది. నాకు ఈత రాదు. బెల్టు ఉంది కదా, నేను గట్టు మీద కుర్చీలో కూర్చుని చూసుకుంటే సరిపోతుందా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: సరిపోదమ్మా. మీరు నీళ్లలోకి దిగాలి. చెయ్యి చాస్తే బాబు అందేంత దూరంలోనే ఉండాలి. మీకు ఈత రాకపోయినా ఫర్వాలేదు. లోతు తక్కువ వైపు, మీ నడుము దాకా వచ్చే నీళ్లలో నిలబడి వాణ్ని ఆ చుట్టుపక్కలే ఉంచుకోండి.

మునిగిపోతున్న పిల్లలు చేతులు ఊపుతారు, అరుస్తారు, మనకి వినపడుతుంది అనుకుంటాం. అరవలేరు. నోరు నీటి పైకీ కిందకీ అవుతుంటే, పైకి వచ్చిన ఆ క్షణం గాలి పీల్చుకోవడానికే చాలదు, ఇక కేక ఎక్కడ వేస్తారు? చేతులు రెండూ పక్కలకి చాచి నీటిని కిందకి నొక్కుతుంటాయి. చూసేవాళ్లకి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ఆ పెనుగులాట 20 నుంచి 60 సెకన్లు మాత్రమే. ఒక వాట్సాప్ మెసేజ్ చదివి తలెత్తేలోపు అయిపోతుంది. అందుకే ఫోన్ చేతిలో ఉన్న మనిషి గట్టు మీద ఉన్నా లేనట్టే లెక్క.

ఇక బెల్టు సంగతి. మనిషి శరీరం నీటిలో దాదాపు తేలీ తేలనట్టు ఉంటుంది. నిండా గాలి పీల్చి కదలకుండా ఉంటే చాలామందిమి తేలతాం, కాకపోతే తలలో కొంచెం భాగమే పైన ఉంటుంది. అందుకే కాస్త ఆసరా దొరికితే చాలు, ముఖం పైకి వస్తుంది. ఒక లీటరు గాలి నీటిలో సుమారు ఒక కిలో బరువుని పైకి లేపుతుంది. మీ బాబు తేలుతున్నది ఆ రెండు మూడు లీటర్ల గాలి వల్లే. వాడికి మాత్రం తనకే ఈత వచ్చేసిందనిపిస్తుంది. నాకు అసలు టెన్షన్ అక్కడే. భయం పోయింది, ఈత ఇంకా రాలేదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న రోజుల్లోనే పిల్లలు బెల్టు లేకుండా కూడా పూల్‌లోకి దూకేస్తారు. బెల్టు విప్పిన తర్వాత పది నిమిషాలు మరీ జాగ్రత్తగా ఉండండి. బట్టలు మార్చే హడావిడిలో మనం అటు తిరుగుతాం, వాళ్లు ఇటు నీళ్లలోకి వెళ్తారు.

బెల్టులో గాలి పోవడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. వాల్వు మూత సరిగ్గా నొక్కి ఉండకపోవచ్చు. గట్టు గరుకుకి అతుకు దగ్గర చిరగొచ్చు. పక్క పిల్లవాడు ఆటలో మూత లాగొచ్చు. మధ్యాహ్నం ఎండలో బిర్రుగా ఊదిన బెల్టు చల్లటి నీళ్లలోకి దిగగానే కాస్త మెత్తబడి వదులవుతుంది. గాలి పోవడం కన్నా నాకు ఈ వదులు కావడమే ఎక్కువ భయం. నడుము మీద ఉండాల్సింది తొడల దాకా జారిందంటే కాళ్లు పైకి తేలి తల కిందకి పోతుంది. బొద్దుగా లేని పిల్లలకి, అంటే నడుముకీ తుంటికీ తేడా లేనివాళ్లకి, ఇది తరచూ జరుగుతుంది.

కొన్న బెల్టుని నీళ్లలోకి దించేముందు ఒక రాత్రి పరీక్ష పెట్టండి. గట్టిగా ఊది, మూత బిగించి, వాల్వుని లోపలికి నొక్కేయండి. బకెట్ నీళ్లలో కొంచెం కొంచెంగా ముంచుతూ అతుకు వెంబడి వేలితో నొక్కుకుంటూ రండి. వాల్వు చుట్టూ, మడత పడే మూలల దగ్గర ఎక్కువసేపు చూడండి. ఆవగింజంత బుడగలు వరసగా వస్తే అక్కడ లీకు ఉన్నట్టే. బుడగలు రాకపోతే తుడిచి అలాగే పక్కన పెట్టి తెల్లారి నొక్కి చూడండి. మెత్తబడి ఉంటే వాడొద్దు. అతుకులు వేసి వాడటం అసలే వద్దు, సైకిల్ ట్యూబుకి పంక్చర్ వేసినట్టు దీనికి కుదరదు.

కట్టేటప్పుడు పక్కటెముకల కింద, బొడ్డుకి కాస్త పైగా రావాలి. పట్టీ కింద మీ వేళ్లు రెండు మాత్రమే దూరేంత బిగువుండాలి. నీళ్లలోకి దిగాక మళ్లీ ఒకసారి బిగించండి, తడిసిన పట్టీ వదులవుతుంది. బకిల్‌ని పిల్లవాడు తనంతట తాను విప్పుకోలేనట్టుగా పెట్టండి. బోర్లా ఈత నేర్చుకునేటప్పుడు గాలి ఉన్న భాగం వీపు వైపు ఉంటే శరీరం నీటి మీద బల్లపరుపుగా ఉంటుంది. అయితే ఆ పిల్లవాడే అలిసిపోయి కాళ్లు ఆపేస్తే, వీపు మీది గాలి వాడి ముఖాన్ని నీళ్లలోకే వంచుతుంది. చెయ్యి అందేంత దూరంలో ఉండమన్నది ఇందుకు కూడా.

ఇంత చెప్పాక బెల్టే వద్దంటున్నానని అనుకోకండి. చేతులకి తొడిగే గాలి సంచుల కన్నా బెల్టు మేలు. చేతులు ఖాళీగా ఉంటాయి, నీటిని లాగడం మొదటి నుంచీ అలవాటవుతుంది. కాకపోతే బెల్టుతో వేలాడుతూ నిలువుగా ఉండి సైకిల్ తొక్కినట్టు కాళ్లు ఆడించే అలవాటు మాత్రం పడనివ్వకండి. ఈత రానివాళ్లు మునిగేది సరిగ్గా ఆ భంగిమలోనే. ముందు బెల్టు లేకుండానే మీ చేతుల్లో ముఖం నీళ్లలో పెట్టి బుడగలు ఊదడం, మీ అరచేయి తల కింద ఉండగా వెల్లకిలా తేలడం నేర్పండి. అవి వచ్చాక బెల్టు కట్టండి. మొదట్లో నిండా గాలి, కాళ్లు కుదురుకున్నకొద్దీ రోజు రోజుకీ ఒక్కో ఊపిరి గాలి తగ్గించుకుంటూ రండి. వాడికి చెప్పక్కర్లేదు కూడా. చివరికి ఖాళీ బెల్టు కట్టుకుని పూల్ అడ్డంగా దాటేస్తాడు. గాలి తగ్గించకుండా సెలవులన్నీ నిండు బెల్టుతోనే గడిపితే జూన్ నాటికి బెల్టు ఈదడం నేర్చుకుంటుంది, మీవాడు కాదు. తగ్గించే రోజుల్లో మాత్రం లోతు వైపు వెళ్లనివ్వొద్దు.

కొనేవాళ్లకి ఒక మాట. ఒకే గాలి గది ఉన్నవి వద్దు. రెండు మూడు గదులుండి, ఒక్కోదానికీ వేరే వాల్వు ఉన్నవి తీసుకోండి, ఒకటి పోయినా ఇంకోటి ఆసరా ఇస్తుంది. యూరప్‌లో ఈత నేర్చుకునే పరికరాలకి ఈఎన్ 13138 అనే ప్రమాణం ఉంది, ఆ అంకె ఉందేమో చూడండి. పిల్లవాడి బరువుకి తగ్గ సైజు తీసుకోవాలి, వచ్చే ఏడు కూడా పనికొస్తుందని పెద్దది కొనకూడదు. స్విమ్మింగ్ డ్రెస్ లేత నీలం, తెలుపు వద్దు, పూల్ అడుగున కనపడవు. నారింజ, గాఢమైన గులాబీ రంగులైతే నీళ్ల కిందా కనిపిస్తాయి.

ప్రశ్న: మేమంతా బావిలో బెండు (నీళ్లలో తేలే తేలికైన కట్టె దిమ్మ) కట్టుకుని ఈత నేర్చుకున్నవాళ్లమే. మనవళ్లు వేసవికి వస్తున్నారు. వాళ్ల నాన్న ప్లాస్టిక్ గాలి బెల్టు పంపించాడు. బెండు మేలా, ఇది మేలా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: బావి అయితే బెండే మేలు పెద్దాయనా. మొహమాటం లేకుండా చెబుతున్నా. బావి గోడ రాళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు, గాలి బెల్టు ఒక్కసారి ఒరుసుకుంటే చాలు. బెండుకి పగిలినా, పంటి గాటు పడినా గాలి పోయేది లేదు. మా కోనసీమలో పీచు వలవని ఎండు కొబ్బరికాయలు జతగా కట్టేవాళ్లు, కాదంటే అరటి బోదె. తెలంగాణలో ఎండు సొరబుర్ర కట్టుకుని నేర్చుకున్నవాళ్లు నా క్లాసుకి వస్తుంటారు. వాళ్ల ఊపిరి పట్టు చూస్తే ముచ్చటేస్తుంది.

మీ కాలంలో పెద్దవాళ్లు చేసిన పని ఒకటి గుర్తు చేసుకోండి. మొదట ఎక్కువ బెండ్లు కట్టి, ఈత పట్టుబడేకొద్దీ ఒక్కొక్కటే తీసేసేవారు. నడుముకి ఒక తాడు కట్టి, దాని రెండో కొస గట్టు మీద ఒకరి చేతిలో ఉండేది. ఇప్పుడు ఫోమ్ దిమ్మలు తీసేసే వీలున్న బెల్టులని పెద్ద ధర పెట్టి అమ్ముతున్నారు, పద్ధతి మాత్రం అదే. గాలి బెల్టుకి బదులు అలాంటి ఫోమ్ బెల్టు దొరికితే పట్నం పిల్లలకి అదే కొనండి. ఆ తాడు మాత్రం వదలొద్దు. బావిలో లోతు తక్కువ వైపంటూ ఉండదు కదా, దిగిన చోటే నిలువు లోతు. మెట్లున్న బావి అయితేనే నేర్పండి, మీరు కూడా లోపల ఉండండి. పైనుంచి దూకడాలు ఈత పూర్తిగా వచ్చేదాకా వద్దు.

మీరు అడగలేదు గానీ, పొలంలో ప్లాస్టిక్ పట్టా పరిచిన పంట కుంట ఉంటే దాని గురించి కూడా ఆలోచించండి. నాకు బావి కన్నా అదంటేనే ఎక్కువ భయం. చూడటానికి లోతు తక్కువే, గట్టు వాలుగానే ఉంటుంది. కానీ తడిసిన పట్టా మీద కాలు నిలవదు. లోపలికి జారిన పిల్లవాడు ఈత వచ్చినా పైకి ఎక్కలేడు. పెద్దవాళ్లు కూడా ఎక్కలేక పోయినవాళ్లున్నారు. చుట్టూ కంచె వేయండి. నాలుగు వైపులా గట్టి గుంజలకి తాళ్లు కట్టి, జానెడు జానెడు దూరంలో ముడులు వేసి నీళ్లలోకి వదలండి. పాత లారీ ట్యూబు ఒకటి గాలి కొట్టి పక్కన పెట్టండి. పెద్ద ఖర్చు కాదు, ఈ వారంలో చేసేయండి.

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. చిన్నప్పుడు చెరువులో జారిపడినప్పటి నుంచి నీళ్లంటే వణుకు. డాక్టరు ఈత మంచిదన్నారు. ఈ వయసులో బెల్టు పెట్టుకుని నేర్చుకుంటానంటే ఇంట్లో నవ్వుతున్నారు.
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: నవ్వనివ్వమ్మా, నువ్వు చేరు. హైదరాబాద్‌కి చెందిన గోలి శ్యామల గారు నలభై దాటాక, అదీ నీళ్లంటే భయం పోగొట్టుకోవడానికి, ఈత మొదలుపెట్టారు. 2021 మార్చిలో, 47 ఏళ్ల వయసులో, శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధిని ఈదేశారు. సుమారు 30 కిలోమీటర్లు, 13 గంటల పైన పట్టింది. ఇంట్లోవాళ్లకి ఈ సంగతి చెప్పు.

నీలాంటి వాళ్లకి గాలి బెల్టు నిజంగా ఉపయోగపడుతుంది. అడ్డం ఏమిటంటే భయం వల్ల ఒళ్లు బిగుసుకుపోతుంది, మెడ పైకి లేస్తుంది, మెడ లేస్తే కాళ్లు కిందకి దిగిపోతాయి. బెల్టు నడుముని పైకి పట్టి ఉంచితే ఆ బిగుసుకోవడం తగ్గుతుంది. మొదటి వారం బెల్టు కట్టుకుని ఛాతీ లోతులో నడువు, అంతే. ఒక మూల నుంచి ఇంకో మూలకి నడుస్తూ నోటితో నీళ్లలోకి ఊపిరి వదులు. తర్వాత కోచ్ చెయ్యి నీ మెడ కింద ఉండగా వెల్లకిలా పడుకుని చెవులు నీళ్లలో మునగనివ్వు. చెవుల్లోకి నీళ్లు వెళ్లగానే చాలామంది లేచిపోతారు, అక్కడ కొంచెం ఓర్చుకుంటే సగం భయం అక్కడే పోతుంది. తిరిగి నిలబడటం ముందే నేర్చుకో: మోకాళ్లు పొట్టకి లాక్కుని, చేతులతో నీటిని ముందుకి తోసి, అప్పుడు పాదాలు కిందకి. ఎప్పుడంటే అప్పుడు నిలబడగలనన్న ధైర్యం వచ్చిన రోజు బెల్టులో గాలి నువ్వే తగ్గించమంటావు. ఉదయం ఆడవాళ్ల బ్యాచ్ ఉన్న పూల్ చూసుకో. మోకాళ్ల దాకా, మోచేతుల దాకా ఉండే స్విమ్మింగ్ డ్రెస్సులు ఉన్నాయి. చుడీదార్, దుపట్టాలతో మాత్రం దిగొద్దు, తడిసి కాళ్లకి చుట్టుకుంటాయి.

ప్రశ్న: ఫ్రెండ్స్ అందరం పాపికొండలు, తర్వాత సూర్యలంక బీచ్ ప్లాన్ చేశాం. మాలో సగం మందికి ఈత రాదు. తలా ఒక గాలి బెల్టు కొనుక్కుంటే చాలదా? లైఫ్ జాకెట్ ఉక్కపోత కదా.
– ఇంజనీరింగ్ విద్యార్థులు, గుంటూరు

జవాబు: చాలదు బాబూ. ఈత బెల్టు నేర్చుకోవడానికి, లైఫ్ జాకెట్ బతకడానికి. బెల్టు ఆసరా నడుము దగ్గర ఉంటుంది. స్పృహ తప్పిన మనిషి ముఖాన్ని అది పైకి తిప్పలేదు. లైఫ్ జాకెట్ ఆసరా ఛాతీ మీద, మెడ వెనక ఉంటుంది, అందుకే ముఖం ఆకాశం వైపు ఉంటుంది. వాటిలోనూ తేడాలున్నాయి. 50 న్యూటన్లు అని ఉన్నవి ఈత వచ్చినవాళ్లకి, ఒడ్డు దగ్గర సహాయం ఉన్నచోట వాడేవి. 150 న్యూటన్లవి స్పృహ లేని మనిషిని కూడా వెల్లకిలా తిప్పేలా తయారు చేస్తారు. పది న్యూటన్లంటే సుమారు ఒక కిలో ఆసరా అని గుర్తు పెట్టుకోండి.

గోదావరి మీద వెళ్తున్నారు కాబట్టి 2019 సెప్టెంబరు 15 మరిచిపోవద్దు. కచ్చులూరు దగ్గర బోటు మునిగితే 26 మందే బయటపడ్డారు. దగ్గరి ఊళ్లవాళ్లు పడవలేసుకుని వెళ్లి, తేలుతున్నవాళ్లని ఒడ్డుకి చేర్చారు. అంతకు ముందు 2017 నవంబరులో విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద బోటు తిరగబడి 20 మందికి పైగా పోయారు. కాబట్టి రేవులో ఎక్కేటప్పుడే జాకెట్ వేసుకోండి, అన్ని బకిళ్లూ పెట్టుకోండి, దిగేదాకా తీయకండి. భోజనాలప్పుడు కూడా. భుజాల దగ్గర పట్టుకుని ఒకరు పైకి లాగితే గడ్డం దాకా రాకూడదు. వస్తే వదులు. జాకెట్ ఇవ్వని బోటు ఎక్కకండి, టికెట్ డబ్బులు పోయినా సరే.

సముద్రంలో గాలి నింపినవి ఏవీ వద్దు. ఒడ్డు నుంచి లోపలికి వీచే గాలికి అవి మనిషితో సహా కొట్టుకుపోతాయి. వెనక్కి లాగే ప్రవాహంలో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలిసిపోతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి వెళ్లి, లాగుడు తగ్గాక బయటికి రండి. ఈత రానివాళ్లు మోకాలి లోతు దాటొద్దు.

నదిలో నీళ్లు తక్కువగా కనిపిస్తున్నాయని రాళ్ల మీదకి ఫొటోలకి దిగడం కూడా వద్దు. 2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది అలాగే పోయారు, పైనున్న లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. వాళ్లంతా మీ వయసువాళ్లే. మన నదుల్లో ఇసుక తవ్విన గోతులు కూడా ఉంటాయి. మోకాలి లోతు అనుకున్న చోట ఒక అడుగు ముందుకేస్తే నిలువు లోతు.

ప్రశ్న: తాడు లాగితే దానంతట అదే ఉబ్బే బెల్టులు ఇక్కడ కయాకింగ్ (తెడ్డుతో చిన్న పడవ నడపడం) వాళ్లు కట్టుకుంటున్నారు. మా పదేళ్ల అమ్మాయికి తీసుకోవచ్చా?
– డాలస్ నుంచి ఒక తండ్రి

జవాబు: తీసుకోవద్దు. అందులో చిన్న కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంటుంది, లాగితే సంచి ఉబ్బుతుంది, దాన్ని మనమే తల మీదుగా వేసుకోవాలి. కంగారులో ఉన్న పిల్లకి అది సాధ్యం కాదు. గాలి నింపే లైఫ్ జాకెట్లు 16 ఏళ్ల లోపువాళ్లకి కాదని అమెరికా కోస్ట్ గార్డ్ స్పష్టంగానే చెబుతోంది. ఈత రానివాళ్లకి కూడా పనికిరావు. అమ్మాయికి ఫోమ్ జాకెట్ కొనండి. సరస్సులకి వెళ్లే మీ ఫ్రెండ్స్ పిల్లలు, కొత్తగా చదువుకోవడానికి వచ్చిన మన కుర్రాళ్లు, వాళ్లకీ ఈ మాట చెప్పండి.

ప్రశ్న: ఆరు నెలల పాపకి మెడకి వేసే గాలి రింగు మంచిదేనా?
– నెల్లూరు

జవాబు: వద్దమ్మా. ఒక పాప చనిపోయాక అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో వీటి మీద హెచ్చరిక ఇచ్చింది. టబ్బులో అయినా సరే వాడకండి. మీ చేతులు చాలు.

ప్రశ్న: మా ఊరి చెరువులో మునిగిన పిల్లవాణ్ని బయటికి తీశాక తలకిందులుగా పట్టుకుని గిరగిరా తిప్పారు, పొట్ట నొక్కారు. అది సరైనదేనా? అసలు ఏం చెయ్యాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, కరీంనగర్ జిల్లా

జవాబు: సరైనది కాదు టీచర్ గారూ. చేసినవాళ్ల ఆత్రం నాకు అర్థమవుతుంది, కానీ తిప్పినా, పొట్ట నొక్కినా కడుపులోని నీళ్లు, అన్నం బయటికి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అసలు లోటు ఊపిరిది. తిప్పుతున్నంతసేపూ ఆ ఊపిరి అందకుండా పోతుంది.

మొదట, ఈత రానివాళ్లు వెంట దూకొద్దు. ఒకరి కోసం ఒకరు దిగి వరసగా పోయిన అన్నదమ్ముల వార్తలు ప్రతి వేసవిలో చదువుతూనే ఉన్నాం. ఒడ్డున బోర్లా పడుకుని చీరో, పంచో, కర్రో అందించండి. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాన్‌కి తాడు కట్టి విసిరినా మనిషి తేలతాడు. 20 లీటర్ల క్యాన్ అంటే ఎంత ఆసరానో, లీటరు గాలికి కిలో అని పైన చెప్పిన లెక్కతో చూసుకోండి. చెరువు గట్టున అలాంటిది ఒకటి ఎప్పుడూ వేలాడేలా ఊళ్లో చెప్పి పెట్టించండి.

బయటికి తీశాక వెల్లకిలా గట్టి నేల మీద పడుకోబెట్టి, ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా ఇంకొకరు ఊపిరి ఉందేమో చూడాలి. లేకపోతే తల వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ఛాతీ లేచేలా రెండుసార్లు ఊదాలి. నీళ్లలో మునిగినవాళ్లకి ఊపిరితోనే మొదలుపెట్టాలి. తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా నొక్కాలి, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో. మళ్లీ రెండు ఊపిరులు. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. నోటి నుంచి నీళ్లు, నురగ వస్తే తలని పక్కకి తిప్పి తుడిచి కొనసాగించాలి. ఊపిరి ఉండి స్పృహ లేకపోతే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. మీ స్కూల్లో ఈ సీపీఆర్‌ని ఒక్క పూట శిక్షణగా పెట్టించండి, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగితే నేర్పేవాళ్లు దొరుకుతారు.

పిల్లవాడు లేచి కూర్చుని మాట్లాడుతున్నా సరే, నీళ్లు మింగి దగ్గుతున్నా, ఆయాసపడుతున్నా, మగతగా ఉన్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నీటి ప్రభావం కొన్ని గంటల తర్వాత కూడా బయటపడొచ్చు.